పడుకుంటే 97, నిలబడితే 55: అమ్మ మెదడుకి అందే ఒత్తిడిని లెక్కగట్టిన అనుభవం

ఇంట్లో పెద్దవాళ్ళ బీపీ ఎంతని ఎవరైనా అడిగితే మనం చెప్పేది చేతి దగ్గరి అంకె. కుర్చీలో కూర్చోబెట్టి, దండకి పట్టీ కట్టి, గుండె ఎత్తులో చూసిన అంకె. మెదడు దగ్గరికి రక్తం ఎంత ఒత్తిడితో చేరుతోందో అది నేరుగా చెప్పదు. డెబ్భై దాటి, ఏళ్ళ తరబడి బీపీ మాత్రలు వాడుతున్నవాళ్ళలో ఈ రెండింటికీ చాలా తేడా ఉండొచ్చని మా అమ్మ విషయంలో కళ్ళారా చూశాను. పుర్రె తెరవకుండా, బయటి నుంచే దాన్ని ఎలా అంచనా వేస్తారో, ఆ అంచనాని ఎంతవరకు నమ్మొచ్చో నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, హైస్కూల్లో లెక్కలు చెప్తాను. అందుకే ఆ డాక్టరు గారు కాగితం మీద వేసి చూపించిన ప్రతి లెక్కా నాకు గుర్తుండిపోయింది.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. అమ్మకి 74 ఏళ్ళు. షుగర్ లేదు, బీపీ మాత్రం నలభైల్లోనే మొదలైంది. చాలాకాలం ఒక్క మాత్రతో సరిపోయింది. ఈమధ్య ఎప్పుడు చూపించినా పై బీపీ 150, 160 మధ్య ఉంటోందని మా ఫిజీషియన్ ఒక్కొక్కటే పెంచుకుంటూ వచ్చారు. టెల్మిసార్టాన్, దానికి తోడు ఆమ్లోడిపిన్, ఆ తర్వాత నీరు పోయే మాత్ర హైడ్రోక్లోరోథయాజైడ్. మూడూ పొద్దున్నే వేసుకునేది. అదే సమయంలో అమ్మకి లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్మడం మొదలైంది. మంచం మీంచి లేచి గోడ పట్టుకుని రెండు నిమిషాలు ఆగితేగానీ అడుగు పడేది కాదు. అడిగితే "పైత్యం చేసిందే, కాస్త ధనియాల కషాయం తాగితే అదే పోతుంది" అనేది. చుట్టాలు నీరసమన్నారు, రక్తం తక్కువన్నారు, వయసు కదా అన్నారు. హిమోగ్లోబిన్ చూపిస్తే బాగానే ఉంది.

శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం రోజున పడిపోయింది. మాత్రలు వేసుకుని, పూజ అయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా పీట మీద కూర్చుంది. వానలు పడుతున్నా ఉక్కపోత తగ్గలేదు, పూజగదిలో దీపాల వేడి. హారతి ఇవ్వడానికి లేచింది, పళ్ళెం చేతిలోనే ఉంది, అలాగే పక్కకి ఒరిగిపోయింది. గడపకి తల తగిలి నుదుటి మీద బొప్పి కట్టింది. అరనిమిషంలో తెలివొచ్చింది, మాట తడబడలేదు, కాలూ చెయ్యీ బాగానే ఆడాయి. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్తే తలకి సీటీ తీసి లోపల రక్తస్రావం లేదన్నారు.

అక్కడి నుంచి రెండు రకాల మాటలు విన్నాం. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు బీపీ మాత్రలు నాలుగు రోజులు ఆపమన్నారు. మా ఫిజీషియన్ మాత్రం పడుకోబెట్టి చూసి, 158 ఉంది, ఇలా వదిలేస్తే పక్షవాతం వస్తుంది, డోసు ఇంకా పెంచాలన్నారు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, ఒకళ్ళు ఆపమంటున్నారు, ఒకళ్ళు పెంచమంటున్నారు, మనం ఎవరి మాట వినాలి?" అని ఒకటే కంగారు. ఆ టెన్షన్‌లోనే సూర్యారావుపేటలో ఒక న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. ఆయన ఫైలంతా తిరగేసి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "అమ్మగారిని నిలబెట్టి బీపీ ఎవరైనా చూశారా?"

చూడలేదు. అన్ని చీటీల్లో, అన్ని ఏళ్ళలో, నిలబెట్టి చూసిన అంకె ఒక్కటి కూడా లేదు. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. దానికి కావాల్సింది అదే మిషన్, ఇంకో మూడు నిమిషాల టైము. అంతే.

ఆయన ఆ పరీక్ష అక్కడికక్కడే చేశారు. అమ్మని బల్ల మీద ఐదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా పడుకోబెట్టి చూస్తే 158/82. తర్వాత నిలబెట్టి, పట్టీ కట్టిన చేతిని గుండె ఎత్తులో తన చేత్తో పట్టుకుని నిమిషానికి మళ్ళీ చూశారు. 106/62. నర్సమ్మ అమ్మ నడుము పట్టుకునే ఉంది. "ఎలా ఉందమ్మా?" అంటే "మీ మొహం మసగ్గా కనిపిస్తోంది బాబూ" అంది అమ్మ. మూడో నిమిషంలో 114/66కి వచ్చింది. నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 పాయింట్లు గానీ కింద బీపీ 10 పాయింట్లు గానీ పడిపోతే దాన్ని జబ్బుగానే లెక్కవేస్తారట. అమ్మకి పైది 52 పాయింట్లు పడింది.

ఆ తర్వాత ఆయన ఒక ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక్కి తిప్పి లెక్క మొదలుపెట్టారు. మెదడుకి రక్తాన్ని తోసే ఒత్తిడంటే ధమనుల్లో సగటు ఒత్తిడి లోంచి పుర్రె లోపలి ఒత్తిడిని తీసేయగా మిగిలింది. సగటు ఒత్తిడి అంటే పై బీపీ, కింద బీపీ కలిపి రెండుతో భాగిస్తే వచ్చేది కాదు. గుండె ముడుచుకునే సమయం కంటే విశ్రాంతి తీసుకునే సమయం ఎక్కువ కాబట్టి కింద బీపీకి ఎక్కువ బరువిస్తారు. రెండింటి తేడాలో మూడో వంతు తీసి కింద బీపీకి కలుపుతారు. అమ్మ పడుకున్నప్పుడు 82కి 25 కలిపితే 107. పడుకున్న మనిషికి పుర్రె లోపలి ఒత్తిడి మామూలుగా 7 నుంచి 15 మధ్య ఉంటుంది. 10 అనుకుంటే మెదడుకి మిగిలేది 97. ఇబ్బంది లేదు. నిలబడ్డ నిమిషానికి 62కి దాదాపు 15 కలిపితే 77. నిలబడినప్పుడు పుర్రె లోపలి ఒత్తిడి సున్నా దగ్గరికి, ఒక్కోసారి అంతకంటే కిందికీ దిగిపోతుంది కాబట్టి అందులోంచి తీసేయాల్సింది పెద్దగా లేదు. అయితే 77 అని రాసుకుందామా అన్నాను. "ఆగండి మేడం, ఇది గుండె ఎత్తులో అంకె. తల ఇంకా పైన కదా ఉంది" అన్నారు.

ఇది నేను ఎప్పుడూ ఆలోచించని విషయం. "మీ ఇంట్లో మోటారు వేస్తే కింది కుళాయిలో వచ్చినంత జోరుగా మూడో అంతస్తు కుళాయిలో నీళ్ళు రావు కదా, ఇదీ అంతే" అని వివరించారు. గుండె నుంచి పైకి వెళ్ళే ప్రతి సెంటీమీటరుకీ రక్తం ఒత్తిడి 0.77 పాయింట్లు తగ్గుతుంది. ఇంటికొచ్చాక కుట్టుమిషన్ టేపు తీసి అమ్మ గుండె మధ్య నుంచి చెవి రంధ్రం దాకా కొలిచాను. 28 సెంటీమీటర్లు. అంటే 22 పాయింట్లు పోతాయి. 77లోంచి 22 తీస్తే 55. చేతి దగ్గర పట్టీ 106/62 చూపిస్తున్నప్పుడు అమ్మ తలకి అందుతున్నది 55. మూడో నిమిషానికి అది 60.

55 మంచిదా చెడ్డదా? మెదడు మన బరువులో నూటికి రెండు వంతులే అయినా, ఒళ్ళు వాడుకునే ఆక్సిజన్‌లో అయిదో వంతు దానికే కావాలి. అందుకే ఒత్తిడి కాస్త తగ్గినా పెరిగినా మెదడు తన రక్తనాళాలని తనే వెడల్పు చేసుకుని, ఇరుకు చేసుకుని రక్తం ఒకేలా అందేట్టు చూసుకుంటుంది. నీల్స్ లాసెన్ అనే డేనిష్ శాస్త్రవేత్త 1959లో అంతకుముందు జరిగిన పరిశోధనలన్నీ పోగేసి ఒక గీత గీశాడు. ఆ గీత ప్రకారం సగటు ఒత్తిడి సుమారు 60 నుంచి 150 దాకా ఎక్కడున్నా మెదడుకి అందే రక్తం ఇంచుమించు మారదు. దానికంటే కిందికి పడితే మాత్రం ఒత్తిడితో పాటు రక్తమూ తగ్గిపోతుంది. ఇప్పటి డాక్టర్లు ఆ గీతని అంత నున్నగా నమ్మడం లేదు, ఆ హద్దులు మనిషి మనిషికీ మారతాయంటున్నారు. మా అమ్మ లాంటివాళ్ళకి ముఖ్యమైన మాట ఇంకొకటుంది. ఏళ్ళ తరబడి బీపీ ఉన్నవాళ్ళలో ఆ గీత మొత్తం పైకి జరుగుతుందని 1970లలో స్ట్రాండ్‌గార్డ్ అనే ఆయన, ఆయన తోటివాళ్ళు చూపించారు. అంటే వేరేవాళ్ళు 60 దాకా తట్టుకుంటే, వీళ్ళకి అంతకంటే ఎక్కువ దగ్గరే కళ్ళు తిరగొచ్చు. మంచి వైద్యంతో బీపీ చాలాకాలం అదుపులో ఉంటే ఆ గీత కొంత కిందికి దిగుతుందట కూడా. అందుకే అమ్మ హద్దు ఎక్కడుందో లెక్క ఒక్కటే చెప్పలేదు, తల మీద స్కాన్ పెట్టి చూడాల్సిందే అన్నారు.

ఆ పరీక్షకి టైమిచ్చేలోపు ఇంట్లో రెండు వారాల పాటు రాసుకురమ్మన్నారు. మణికట్టుకి కట్టేది వద్దు, దండకి కట్టే మిషనే వాడమన్నారు. పట్టీ సైజు చేతికి సరిపోవాలి. పొద్దున్న మాత్రలకి ముందు, పూజ అయ్యాక, భోజనమైన గంటకి, రాత్రి పడుకునే ముందు. ప్రతిసారీ పడుకుని ఒకటి, నిలబడి ఒకటి. నేను స్కూలుకి వెళ్ళినప్పుడు పక్కింటి పిన్నిగారు చూసి రాసేవారు. ఆ నోటుపుస్తకంలో ఎవరూ అనుకోని సంగతి బయటపడింది. అన్నిటికంటే తక్కువ అంకెలు పొద్దున్నవి కావు, మధ్యాహ్నం భోజనం తర్వాతవి. పెద్ద వయసులో కడుపునిండా అన్నం తిన్నాక రక్తం పేగుల వైపు ఎక్కువగా మళ్ళుతుంది, గుండె ఆ లోటుని పూడ్చుకోలేక బీపీ పడిపోతుంది. అమ్మ భోజనమయ్యాక కంచం తీసుకుని లేచేటప్పుడు ఎందుకు తూలుతుందో అప్పుడు అర్థమైంది. 24 గంటల బీపీ మిషన్ కూడా ఒక రోజు కట్టారు. అరగంటకోసారి చెయ్యి బిగుస్తుంటే ఆ రాత్రి అమ్మకి నిద్రే పట్టలేదు, కాబట్టి దాని రాత్రి అంకెలని డాక్టరు గారు పెద్దగా పట్టించుకోలేదు.

మెడ రక్తనాళాల డాప్లర్‌లో (ధ్వని తరంగాలతో రక్తం పారే తీరు చూసే స్కాన్) రెండు వైపులా కొద్దిపాటి పూడిక ఉంది కానీ సగం కంటే తక్కువే. అంతమాత్రానికి తలకి రక్తం తగ్గదట. ఎంఆర్‌ఐలో చిన్న రక్తనాళాలు దెబ్బతిన్నచోట తెల్లని మచ్చలు కనిపించాయి. చాలాకాలం బీపీ ఉన్నవాళ్ళలో ఇవి మామూలే అన్నారు. కానీ ఆ మచ్చలే అసలు చిక్కు. బీపీ ఎక్కువున్నా అవి పెరుగుతాయి. ఆ చిన్న నాళాలకి ఒత్తిడి చాలకపోయినా మెదడుకి మంచిది కాదు.

ఇక తలకి చేసే డాప్లర్. దీన్ని టీసీడీ (ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్) అంటున్నారు. కదిలేదాని నుంచి వచ్చే తరంగం ఫ్రీక్వెన్సీ మారినట్టు అందుతుందని క్రిస్టియన్ డాప్లర్ 1842లో చెప్పాడు. దాన్ని పుర్రె ఎముక దాటించి మెదడు రక్తనాళాల్లో వేగం కొలవొచ్చని నార్వే దేశస్థుడు రూన్ ఆస్లిడ్ 1982లో చూపించాడు. మామూలు స్కానింగ్‌ల కంటే తక్కువ ఫ్రీక్వెన్సీ, 2 మెగాహెర్ట్జ్, వాడతారు. ఫ్రీక్వెన్సీ ఎక్కువైతే ధ్వని ఎముకలోనే ఆగిపోతుంది.

గది చిన్నది, ఏసీ చల్లగా ఉంది. అమ్మని పడుకోబెట్టి కణత మీద, చెవికి కాస్త ముందు, జెల్ రాశారు. పెన్సిలంత లావు ప్రోబ్ పెట్టి టెక్నీషియన్ అమ్మాయి మిల్లీమీటరు మిల్లీమీటరు జరుపుతూ వెతుకుతోంది. కుడివైపు ఎంతసేపు వెతికినా తెర మీద బూడిదరంగు చుక్కలే తప్ప ఏమీ రాలేదు. కణత ఎముక పలచగా ఉన్నచోటే ధ్వని లోపలికి వెళ్తుంది. పదిమందిలో ఒకరికో ఇద్దరికో అలాంటి చోటు దొరకదు, పెద్దవయసు ఆడవాళ్ళలో ఇది ఇంకా ఎక్కువ. నాకు గుండె జారిపోయింది. ఇంతా చేసి పరీక్ష కుదరదంటారేమో అనుకున్నాను. ఎడమవైపు కూడా మొదట రాలేదు. ఆ అమ్మాయి విసుక్కోకుండా ప్రోబ్‌ని కాస్త వెనక్కి, పైకి వంచి, లోతు 52 మిల్లీమీటర్లకి పెట్టింది. ఒక్కసారిగా స్పీకర్లో "హుష్... హుష్... హుష్" అని చప్పుడు, తెర మీద వరసగా శిఖరాలు. "మామ్మగారూ, ఇది మీ మెదడులో రక్తం పారే చప్పుడు" అంది. అమ్మ రెండు చేతులూ జోడించింది. ఆ అమ్మాయి నవ్వి "చేతులు కదపకండి మామ్మగారూ" అంది.

అది మెదడు మధ్య ధమని. మెదడులో ఒక్కోవైపు ఎక్కువ భాగానికి రక్తం అందించేది అదే. వేగం గుండె కొట్టుకున్నప్పుడు సెకనుకి 72 సెంటీమీటర్లు, రెండు దెబ్బల మధ్య అన్నిటికంటే తగ్గినప్పుడు 24, సగటు 40. ఈ వయసుకి 40 ఫరవాలేదట. ఎక్కువ వేగానికీ తక్కువ వేగానికీ ఉన్న తేడాని సగటుతో భాగిస్తే 1.2 వచ్చింది. నాళాలు ఎంత బిరుసుగా ఉన్నాయో, ముందున్న చిన్న నాళాల్లో అడ్డు ఎంతుందో అది చెప్తుంది. 1.2 కాస్త ఎక్కువే. చిక్కేమిటంటే వయసుతో నాళాలు గట్టిపడినా అది పెరుగుతుంది, పుర్రె లోపల ఒత్తిడి పెరిగినా పెరుగుతుంది. రెంటిలో ఏదన్నది ఈ అంకె చెప్పదు.

తర్వాత ఊపిరి బిగపట్టమన్నారు. 30 సెకన్లు అన్నారు కానీ అమ్మ 24 దాకా ఆగగలిగింది. ఊపిరి ఆపితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, దానికి మెదడు నాళాలు వెడల్పవ్వాలి, అప్పుడు వేగం పెరగాలి. 40 నుంచి 50కి పెరిగింది. అంటే నూటికి 25. దాన్ని 24 సెకన్లతో భాగిస్తే 1కి కొంచెం పైన. 0.69 కంటే తక్కువొస్తే నాళాలకి సర్దుకునే శక్తి తగ్గిందంటారట. "నాళాలు ఇంకా మాట వింటున్నాయి, మంచి వార్త" అన్నారు డాక్టరు గారు.

చివరికి అసలు పరీక్ష. ప్రోబ్ జారిపోకుండా తలకి బెల్టు బిగించి, చేతికి బీపీ పట్టీ ఉంచి, ఇద్దరు చెరో వైపు పట్టుకుని అమ్మని నిలబెట్టారు. నేను తెర వైపే చూస్తున్నాను. శిఖరాల ఎత్తు పెద్దగా మారలేదు కానీ వాటి మధ్య లోయలు కిందికి దిగిపోయాయి. సగటు 40 నుంచి 30కి వచ్చింది. అదే నిమిషంలో అమ్మ "కళ్ళు మసకేస్తున్నాయి" అంది. చేతి మీద బీపీ 108/62. వేగం నాలుగో వంతు తగ్గినచోటే లక్షణం కూడా కనిపించింది. కాగితం మీద 55 అని వేసుకున్న లెక్కకి మొదటిసారి సాక్ష్యం దొరికింది.

ఇక్కడ డాక్టరు గారు ఒక జాగ్రత్త చెప్పారు, అది నాకు బాగా నచ్చింది. టీసీడీ కొలిచేది వేగాన్ని. ఒత్తిడినీ కాదు, రక్తం పరిమాణాన్నీ కాదు. నాళం వెడల్పు మారలేదనుకుంటేనే వేగం తగ్గడమంటే రక్తం తగ్గడం. వేగం నుంచి ఒత్తిడి లెక్కకట్టే సూత్రాలు లేకపోలేదు. 1998లో కేంబ్రిడ్జ్‌లో మారెక్ చోస్నికా, ఆయన బృందం ఇచ్చిన ఒక సూత్రం చాలామందికి తెలుసు. సగటు బీపీని తక్కువ వేగంతో గుణించి, సగటు వేగంతో భాగించి, 14 కలపాలి. నేను అక్కడే వేసి చూశాను. పడుకున్నప్పటి 107ని 24తో గుణించి 40తో భాగిస్తే 64. దానికి 14 కలిపితే 78. మొదటి లెక్కలో వచ్చింది 97! రెండింటికీ 19 తేడా. ఏది నిజమని అడిగాను. "ఆ సూత్రం తలకి దెబ్బ తగిలి ఐసీయూలో ఉన్నవాళ్ళ మీద తయారుచేసింది మేడం. మీ అమ్మగారి నాళాలు గట్టిపడ్డాయి, రెండు దెబ్బల మధ్య వేగం ఎలాగూ తక్కువే ఉంటుంది. అందుకని సూత్రం తక్కువ చూపిస్తుంది. 97 కూడా ఖచ్చితం కాదు, తల లోపలి ఒత్తిడి 10 అని మనం అనుకున్నాం కానీ కొలవలేదు" అన్నారు. విడిగా ఏ అంకెనీ పట్టుకోకండి, పడుకున్నప్పటి నుంచి నిలబడేసరికి ఎంత మారిందో చూడండి అన్నారు. ఒకే మనిషి, ఒకే మిషన్, ఒకే పద్ధతి కాబట్టి ఆ మార్పు నమ్మదగ్గది.

పుర్రె లోపలి ఒత్తిడిని నిజంగా కొలవాలంటే ఎముకకి చిన్న రంధ్రం చేసి మెదడులోని నీటి గదిలోకి సన్నని గొట్టం పంపాలి. తలకి పెద్ద దెబ్బలు తగిలినవాళ్ళకి, మెదడులో రక్తస్రావమైనవాళ్ళకి ఐసీయూలో అలా చేస్తారు. నడిచి వచ్చిన పెద్దావిడకి ఆ అవసరం లేదు. బదులుగా మూసిన కనురెప్ప మీద స్కాన్ ప్రోబ్ ఆనించి కంటి నరం చుట్టూ ఉన్న తొడుగు వెడల్పు చూశారు. మెదడు చుట్టూ ఉండే నీరే ఆ తొడుగులోకీ వస్తుంది కాబట్టి లోపల ఒత్తిడి పెరిగితే అది ఉబ్బుతుంది. సుమారు 5 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలి. అమ్మకి రెండు వైపులా 5 కంటే తక్కువే వచ్చింది. దాంతో 1.2కి కారణం తలలో ఒత్తిడి కాదు, నాళాల వయసే అని తేల్చారు.

ఫలితాలు చూసి మా ఫిజీషియన్ చెప్పింది శుద్ధ తప్పని నేను తీర్మానించుకోబోతుంటే న్యూరాలజిస్టే ఆపారు. బీపీ తగ్గించడం మెదడుకి చెడ్డది కాదన్నారు. అమెరికాలో జరిగిన స్ప్రింట్ అనే పెద్ద అధ్యయనంలో పై బీపీని 120 లోపుకి తేవాలని లక్ష్యం పెట్టుకుని వైద్యం చేసినవాళ్ళకి గుండె జబ్బులు, మరణాలు తగ్గాయని 2015లో తేలింది. స్వల్ప మతిమరుపు కేసులూ తగ్గాయని 2019లో ప్రకటించారు. అందులో కొంతమందికి ఎంఆర్‌ఐతో చూస్తే, బీపీ గట్టిగా తగ్గించినవాళ్ళ మెదడుకి రక్తం తగ్గలేదు సరికదా కాస్త పెరిగిందని 2022లో వచ్చింది. "అయితే నిలబడ్డ నిమిషానికి పై బీపీ 110 కంటే తక్కువున్నవాళ్ళని ఆ అధ్యయనంలోకి తీసుకోలేదు. మీ అమ్మగారిది 106" అన్నారు. ఆ ఒక్క వాక్యంతో నాకు మొత్తం విషయం తేలిపోయింది. సలహా మంచిదే. ఎవరికి వర్తిస్తుందో తేల్చాల్సింది నిలబెట్టి చూసిన అంకె.

నీరు పోయే మాత్ర ఆపేశారు. టెల్మిసార్టాన్ పొద్దున, ఆమ్లోడిపిన్ రాత్రి అని విడగొట్టారు. పడుకున్నప్పుడు పై బీపీ 150ల్లో ఉన్నా ప్రస్తుతానికి ఒప్పుకుందాం, నిలబడినప్పుడు 120 కంటే తగ్గకూడదు అని లక్ష్యం పెట్టారు. ఇది అమ్మకోసం, అమ్మ రిపోర్టులు చూసి చేసిన మార్పు. దయచేసి ఇది చదివి మీ ఇంట్లో పెద్దవాళ్ళ మాత్రలు మీరే ఆపకండి. బీపీ మాత్ర హఠాత్తుగా ఆపేసి పక్షవాతం తెచ్చుకున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

ఇంట్లో మార్పులకి అమ్మ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. పీట మానేసి కుర్చీలో కూర్చుని పూజ చేయమంటే "దేవుడి ముందు కుర్చీలో కూర్చుంటారటే!" అంది. మా పురోహితుడు గారే వచ్చి ఒంట్లో బాగాలేనప్పుడు దోషం లేదని చెప్పాక ఒప్పుకుంది. ఉపవాసాలు మానలేదు కానీ ఆ రోజుల్లో మజ్జిగ, కొబ్బరినీళ్ళు తాగుతోంది. లేచే ముందు మంచం అంచున కూర్చుని పిక్కలు బిగించి వదలడం, పిడికిళ్ళు గట్టిగా మూయడం నేర్పారు. కాళ్ళ కండరాలు బిగిస్తే అక్కడ నిలిచిన రక్తం పైకి వస్తుంది. లేవబోయే కాసేపటి ముందు పెద్ద గ్లాసుడు నీళ్ళు తాగడం అన్నిటికంటే బాగా పనిచేసింది, నోటుపుస్తకంలో అంకెలే సాక్ష్యం. మంచం తలవైపు కాళ్ళ కింద చెక్కలు పెట్టి ఎత్తు చేశాం. మధ్యాహ్నం ఒక్కసారే కడుపునిండా తినకుండా అన్నం కొంచెం తగ్గించి, సాయంత్రం ఇంకోసారి పెడుతున్నాను. బిగుతు మేజోళ్ళు కూడా రాశారు కానీ బెజవాడ ఉక్కపోతలో అవి సాగలేదు. అవి లేకుండానే చూద్దాం అన్నారు.

కార్తీకంలో మళ్ళీ వెళ్ళాం. పడుకుని 156/82, నిలబడ్డ నిమిషానికి 132/72. సగటు 92, తల ఎత్తు 22 తీసేస్తే 70. టీసీడీలో ఎడమవైపు అదే చోటు, అదే లోతు. పడుకున్నప్పుడు 40, నిలబడితే 36. అమ్మ నిలబడి ఉండగానే ఆ టెక్నీషియన్ అమ్మాయిని ఏ ఊరమ్మా, పెళ్ళయిందా అని ఆరా తీసింది. పోయినసారి ఆ నిమిషంలో మాటే రాలేదు.

ఇప్పుడు గోడ పట్టుకోకుండా లేస్తోంది. భోజనం తర్వాత మాత్రం కాసేపు కూర్చునే ఉంటుంది. మా ఫిజీషియన్‌కి ఈ రిపోర్టులన్నీ చూపించాను. ఓపిగ్గా చదివారు, అమ్మ ఫైలు మీద ఎర్ర సిరాతో "నిలబెట్టి కూడా చూడాలి" అని రాశారు. వేసవిలో చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గుతుంది, చర్మం రక్తనాళాలు వెడల్పవుతాయి, బీపీ దానంతటదే కిందికి దిగుతుంది. ఏప్రిల్‌లో ఎండలు ముదిరాక వారంపాటు పడుకుని, నిలబడి అంకెలు రాసి తీసుకురమ్మన్నారు. టెల్మిసార్టాన్ సగానికి తగ్గించాలా వద్దా అన్నది అప్పుడు చూస్తామన్నారు.